రిలీజ్ మెడికల్ బోర్డు

సైన్యం నుంచి ఇంటికి పంపేముందు జవానుకు చేసే ఆఖరి వైద్య పరీక్ష ఇది. వైకల్యం ఎంత శాతం, అది సర్వీసు వల్ల వచ్చిందా, సర్వీసులో ముదిరిందా అన్నది ఇక్కడే రాస్తారు. 20 శాతానికి తగ్గితే మామూలుగా వైకల్య పింఛను రాదు.

చేరేనాటి రికార్డులో జబ్బు ఊసు లేకపోతే ఆరోగ్యంగానే చేరాడని భావించాలని, జబ్బుకు సర్వీసుతో సంబంధం ఉందని నిరూపించే భారం జవానుది కాదని 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఎంత పెద్ద ఊరట! 2023 సెప్టెంబరు 21 నుంచి వైకల్య పరిహారానికి కొత్త నిబంధనలొచ్చాయి. వైకల్యానికి ఇచ్చే సొమ్ము విషయంలో వినిపించే ‘ఇంపెయిర్‌మెంట్ రిలీఫ్’ అనే మాట అప్పటిదే.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల నుంచి వెళ్లిన మన పిల్లలకు ఒక్క మాట. ఫిరంగి మోతకు చెవి మందగించినా డాక్టరు అడిగితే ‘బాగానే ఉంది సార్’ అనేయడం ఫౌజీ అలవాటు. బోర్డు రోజు మాత్రం వద్దు. మెట్లెక్కితే మోకాలు ఎక్కడ పట్టేస్తుందో, రాత్రి నిద్ర ఎన్నిసార్లు చెదురుతుందో ఉన్నదున్నట్టు చెప్పండి. గాయం రిపోర్టు, ఆసుపత్రి చీటీలు, వినికిడి పరీక్ష కాగితం తేదీల వరుసలో పెట్టుకోండి. సంతకానికి ముందు బోర్డు రాసింది చదవండి, నకలు అడిగి తీసుకోండి.