రేనాటి కథకు కోకాపేట గోడలు

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటుకు వేదికైన నేల నేటి నంద్యాల జిల్లాలో, ఆళ్లగడ్డకూ కోయిలకుంట్లకూ నడుమ, కుందూ నది వెంబడి పరుచుకున్న రేనాడు; 1846లో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వంపై తిరగబడిన ఆ పాలెగాడిని 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీశారు. ఆ చరిత్ర ఆధారంగా సురేందర్ రెడ్డి దర్శకత్వంలో తయారై 2019 అక్టోబర్ 2న విడుదలైన ‘సైరా నరసింహారెడ్డి’ చిత్రీకరణ మాత్రం ప్రధానంగా హైదరాబాద్ శివార్లలోని సెట్లలోనూ, యుద్ధఘట్టాల మేరకు జార్జియా దేశంలోనూ సాగింది. ఛాయాగ్రాహకుడు రత్నవేలు, ప్రొడక్షన్ డిజైనర్ రాజీవన్, వారి కింద పనిచేసిన వడ్రంగులు, మౌల్డర్లు, పెయింటర్లు, లైట్‌మెన్లు కలిసి రేనాటి పల్లెను రేనాటికి సుమారు 300 కిలోమీటర్ల దూరంలో నిలబెట్టారు. ఆ శివార్లలోనే కోకాపేటలో ఈ చిత్రానికి వేసిన సెట్టు ఒకటి 2019 మే నెలలో అగ్నిప్రమాదంలో కాలిపోయింది కూడా. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి నవల ఆధారంగా క్రిష్ తీసిన ‘కొండపొలం’ (2021) మరో ఉదాహరణ: కథ గొర్రెల కాపరులు ఎక్కే నల్లమలది, కెమెరా ముందు కనిపించినది హైదరాబాద్‌కు దగ్గరి వికారాబాద్ అడవి.

ఒక ప్రాంతపు కథను ఆ ప్రాంతంలోనే తీయకపోవడాన్ని నిర్లక్ష్యంగా భావించడం తేలికే గాని, ఆ నిర్ణయం వెనుక తెరపై కనిపించని కొందరి లెక్క ఉంటుంది. కథ ఖరారైన తరువాత దర్శకుడు, ఛాయాగ్రాహకుడు, కళాదర్శకుడు కలిసి స్థలాలు చూసివచ్చే పనిని పరిశ్రమలో రెక్కీ అంటారు. ఆ స్థలం కంటికి నచ్చినంత మాత్రాన సరిపోదు. రెండు వందల మందికి వసతి, భోజనం, వాహనాల రాకపోకలు, అనుమతులు, జన నియంత్రణ సమకూర్చగలమా లేదా అన్నది తేల్చవలసినవాడు ప్రొడక్షన్ మేనేజర్, అనగా నిర్మాత తరఫున రోజువారీ ఖర్చును, ఏర్పాట్లను చూసే ఉద్యోగి. అహోబిలం కొండలు ఎంత అందమైనవైనా అవి పులులు తిరిగే నల్లమలలో భాగం. అభయారణ్యంలో చిత్రీకరణకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అనుమతి కావాలి, అడవికి మార్పుగానీ హానిగానీ జరగరాదన్న షరతును 2022 సవరణ చట్టంలోనే స్పష్టంగా రాసింది. మేనేజర్ దృష్టిలో వికారాబాద్ గెలవడానికి అందం కన్నా ఇటువంటి విషయాలే ఎక్కువ కారణమవుతాయి. ఈ ఉద్యోగం చిన్నదని అనుకోవడానికి వీల్లేదు. ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’ తీసిన కె.వి. రెడ్డి రాయలసీమలోని తాడిపత్రి ప్రాంతంనుంచి మద్రాసు వెళ్లి, వాహినీ సంస్థలో జమాఖర్చులు, నిర్మాణ వ్యవహారాలు చూసిన తరువాతనే ‘భక్త పోతన’తో దర్శకుడయ్యాడు, ప్రతి అడుగు ఫిల్మునూ ముందే లెక్కగట్టే ఆయన పద్ధతికి ఆ పనే బడి.

అయినా ఈ నేలకు సినిమా యూనిట్లు రాకపోలేదు. కోడి రామకృష్ణ దర్శకత్వంలో 2009 జనవరిలో వచ్చిన ‘అరుంధతి’ కోసం బనగానపల్లె నవాబుల పాత బంగ్లాను వాడుకున్నారు. దగ్గరలోని యాగంటికి వెళ్లే యాత్రికులు నేటికీ దానిని అరుంధతి కోటగానే గుర్తుపట్టి ఫోటోలు దిగుతారు. కర్నూలు–నంద్యాల రహదారిపై ఉన్న ఓర్వకల్లు రాతివనంలో 2013 జూలై 6న ‘బాహుబలి’ చిత్రీకరణ మొదలైంది. ఈ రెండు చిత్రాలకూ ఛాయాగ్రాహకుడు కె.కె. సెంథిల్ కుమారే.

ఇటువంటి బయటి చిత్రీకరణను ఔట్‌డోర్ అంటారు. దానికి కావలసిన కెమెరాలు, లైట్లు, క్రేన్లు, జనరేటర్ వాహనం, వాటిని నడిపే మనుషులు అందరినీ కలిపి అద్దెకిచ్చే సంస్థ పేరు ఔట్‌డోర్ యూనిట్. కెమెరాతో పాటు దాని సహాయకుడు, లైట్లతో పాటు లైట్‌మెన్ వస్తారు. పరికరానికి నష్టం కలిగితే బాధ్యత వహించవలసింది వారే కనుక చిత్రీకరణ ముగిసి నటులు వెళ్లిపోయిన తరువాత కూడా తీగలు చుట్టి, పెట్టెలు లెక్కపెట్టి, లారీ ఎక్కించేదాకా వారికి పని ముగియదు. సాధారణంగా ఉదయం 6 నుంచి సాయంత్రం 6 వరకు సాగే పనిదినాన్ని కాల్‌షీట్ అంటారు. అయితే నంద్యాలలో బస చేసిన యూనిట్ బనగానపల్లెకో ఆళ్లగడ్డకో చేరడానికి దాదాపు 40 కిలోమీటర్లు, అహోబిలానికి ఇంకా ఎక్కువ దూరం ప్రయాణించాలి గనుక, ఆరు గంటలకు మొదటి షాట్ అంటే మేకప్, కాస్ట్యూమ్ విభాగాలవారు తెల్లవారుజామున మూడున్నర నాలుగుకే లేవాలి. వారికన్నా ముందు లేచేవారు ప్రొడక్షన్ బాయ్స్, అనగా టీ, టిఫిను, మంచినీళ్లు అందించేవారు, వీరిలో నెరిసిన తలల వారున్నా పరిశ్రమ వారిని బాయ్స్ అనే పిలుస్తుంది. ప్రయాణ సమయాన్ని పనిగంటలలో కలపాలా వద్దా అన్నది మేనేజర్లకూ కార్మికులకూ మధ్య తరచూ తగాదా తెచ్చే ప్రశ్న. కూలికి అదనంగా రోజు ఖర్చులకిచ్చే బత్తా ఆ తగాదాను కొంత చల్లార్చుతుంది గాని పరిష్కరించదు.

సీమ ఎండ ఈ పనిలో మరొక పాత్రధారి. వేసవిలో నంద్యాల ప్రాంతంలో ఉష్ణోగ్రత 44, 45 డిగ్రీలకు చేరడం సాధారణం. మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు మనిషి కనుబొమల కింద నల్లని నీడ పడి కళ్లు కనిపించవు గనుక, స్కిమ్మర్ అనే తెల్లని పలుచటి గుడ్డను పెద్ద చట్రానికి బిగించి నటుల తలపై పట్టుకుంటారు. దాని గుండా వడగట్టి వచ్చిన వెలుగు మెత్తబడుతుంది. ముఖానికి కింది నుంచి వెలుగు అందించడానికి థర్మోకోల్ అట్టలనూ, వెండి రంగు రిఫ్లెక్టర్లనూ వాడుతారు. స్కిమ్మర్ కింద నటుడు నీడలో ఉంటాడు, దాని అంచు పట్టుకున్న మనిషి ఎండలో ఉంటాడు. గాలి వీస్తే ఆ చట్రం తెరచాపలా లాగుతుంది కాబట్టి నలుగురైదుగురు తాళ్లతో దానిని ఆపవలసి వస్తుంది, షాట్ ఓకే అయ్యేదాకా కదలరాదు. ఇక వాన పడితే కుందూ లోయలోని నల్లరేగడిలో టన్నుల బరువుండే జనరేటర్ వాహనం దిగబడక తప్పదు; రోడ్డును వదలి చేనులోకి దిగే షాట్లను వానాకాలంలో పెట్టుకోరాదని అనుభవం గల డ్రైవరు ముందే చెబుతాడు.

కళావిభాగం పని ఇంకా సూక్ష్మమైనది. బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల ప్రాంతాల గనులలో దొరికే నాపరాయి ఇక్కడి ఇళ్లకు నేల, గోడ, అరుగు, ఒక్కొక్కచోట పైకప్పు కూడా. అటువంటి మిద్దెను స్టూడియోలో కట్టవలసి వచ్చినప్పుడు కర్రచట్రానికి ప్లైవుడ్ బిగించి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో రాతి పొరల ఆకారం పోతపోసి, దానిపై పెయింటర్ మసి, తడిమరక, సున్నపు చార వరుసగా వేస్తాడు. బయట నిజమైన బంగ్లాను, లోపల సెట్టును వేరువేరు ఊళ్లలో తీసినప్పుడు రెండు చోట్లా తలుపు వెడల్పు, గడప ఎత్తు, గోడ రంగు ఒక్కటిగా ఉండాలి; నటుడు ఒక ఊరిలో తలుపు తోసి మూడు నెలల తరువాత మరో ఊరిలో లోపలికి అడుగుపెట్టినా ప్రేక్షకుడికి అనుమానం రాకూడదు. దుస్తులు, చేతిలోని వస్తువు, నుదుటి బొట్టు ఏ షాట్‌లో ఎలా ఉన్నవో రాసిపెట్టి ఈ అతుకును కాపాడే పనిని కంటిన్యూటీ అంటారు, సాధారణంగా ఒక సహాయ దర్శకుడి మెడకు అది చుట్టుకుంటుంది. ఆళ్లగడ్డ శిల్పుల ఖ్యాతి వారు చెక్కిన రాయి తరతరాలు నిలవడంలో ఉంది. సెట్టు మౌల్డర్ నైపుణ్యం తన రాయి చివరి షాట్ దాకా రాయిలా కనిపించడంలో ఉంది, ఆపైన దానిని పగలగొట్టి లారీకెత్తుతారు. ఆళ్లగడ్డ శిల్పికి పేరున్నది, ఆ మౌల్డర్‌కు టైటిల్స్‌లో కూడా తరచూ ఉండదు.

రూపం తరువాత మాట. తెలుగు సినిమాలో అధికభాగం చిత్రాలకు లొకేషన్‌లో రికార్డు చేసిన ధ్వని కేవలం పైలట్ ట్రాక్, అనగా తరువాత డబ్బింగ్ చెప్పేటప్పుడు పెదవుల కదలికకు ఆధారంగా వాడే ముడి ధ్వని. అసలు మాట స్టూడియోలో పుడుతుంది. ‘అరుంధతి’లో సోనూ సూద్ పోషించిన పశుపతి పాత్రకు భయం పుట్టించిన గొంతు పి. రవిశంకర్‌ది, అందుకు ఆయనకు నంది పురస్కారం లభించింది. సీమ యాస విషయంలో ఈ ప్రాంతానికి స్వంత వాటా ఉంది. ఆళ్లగడ్డ సమీపంలోని సిరివెళ్లలో 1946లో పుట్టి, ఉపాధ్యాయుడిగా, రంగస్థల నటుడిగా పనిచేసిన జయప్రకాశ్ రెడ్డి ‘ప్రేమించుకుందాం రా’ (1997), ‘సమరసింహారెడ్డి’ (1999) చిత్రాలతో ఆ యాసను తెరపై స్థిరపరిచాడు. ఆయన తరువాత ఎందరో రచయితలు ఆ యాసను కేవలం తొడకొట్టే యాసగా కుదించివేశారన్నది వేరే దుఃఖం. ‘అరవింద సమేత వీర రాఘవ’ (2018)కు వచ్చేసరికి జానపద కవి, గాయకుడు పెంచల్ దాస్ వంటి సీమవాసి సహాయాన్ని మాండలికం కోసం తీసుకోవడం ఆరోగ్యకరమైన మార్పు. యాస సరిచూసేవారిని ప్రత్యేక సాంకేతిక నిపుణులుగా గుర్తించే అలవాటు మాత్రం తెలుగులో ఇంకా స్థిరపడలేదు.

టెలివిజన్ సీరియల్ యూనిట్లు నంద్యాల దాకా రావడం అరుదు. ప్రసారం దాదాపు ప్రతిరోజూ ఉండటం వల్ల అవి హైదరాబాద్‌లో అద్దెకు తీసుకున్న ఇళ్లలోనే వరుసగా సన్నివేశాలు ముగించుకుంటాయి. అక్కడి లైట్‌మెన్‌కు ఎండ బాధ లేదు గాని రాత్రి ఎప్పుడు ముగుస్తుందో చెప్పలేని బాధ ఉంది.

ఈ మనుషులందరినీ కలిపి పరిశ్రమ 24 క్రాఫ్ట్స్ అంటుంది. వారి సంఘాలకు ఉమ్మడి వేదిక తెలుగు ఫిల్మ్ ఇండస్ట్రీ ఎంప్లాయీస్ ఫెడరేషన్. నటుడు ఎం. ప్రభాకర్ రెడ్డి పేరిట మణికొండలో 67 ఎకరాలలో వెలసిన చిత్రపురి కాలనీ ఈ కార్మికుల సహకార గృహనిర్మాణానికి ఫలితం. కూలి రేట్ల కోసం 2022 జూన్‌లో ఒకసారి పని ఆగింది. 30 శాతం పెంపు కోరుతూ 2025 ఆగస్టు 4న మొదలైన సమ్మె, తెలంగాణ కార్మిక శాఖ సమక్షంలో జరిగిన చర్చల తరువాత ఆగస్టు 21న ముగిసింది. రోజుకు రూ.2,000లోపు తీసుకునేవారికి మూడేళ్లలో అంచెలంచెలుగా మొత్తం 22.5 శాతం పెంచడం ఆ ఒప్పందపు సారం. సంఘ సభ్యులు కానివారిని కూడా పనిలోకి తీసుకునే స్వేచ్ఛ కావాలన్నది ఆ వివాదంలో నిర్మాతల కోరికలలో ఒకటి, దానికి సంఘాలు గట్టిగా ఎదురు నిలిచాయి.

చట్టం వైపు చూస్తే రక్షణ కొత్తది కాదు. 1981లో పార్లమెంటు చేసిన సినీ కార్మికుల చట్టం రాతపూర్వక ఒప్పందం లేకుండా ఎవరినీ చిత్రంలో పనికి పెట్టరాదని నిర్దేశించింది. కనీసం మూడు చిత్రాలలో పనిచేసినవారికి భవిష్యనిధిని వర్తింపజేసింది. అయితే మొదట్లో నెలకు రూ.1,600 మించని ఆదాయం గలవారినే సినీ కార్మికులుగా నిర్వచించడం, కథాచిత్రాలకే పరిమితం చేయడం వల్ల టెలివిజన్ పనివారు దాని వెలుపలే ఉండిపోయారు. 2025 నవంబర్ 21న అమలులోకి వచ్చిన కార్మిక స్మృతులు ఆ పాత చట్టాన్ని తమలో కలుపుకొని, సీరియళ్లకూ వర్తించే విధంగా ఆడియో విజువల్ కార్మికుడన్న విశాలమైన నిర్వచనాన్ని తెచ్చాయి. రాతపూర్వక ఒప్పందం ప్రాణావసరం ఎందుకవుతుందో 2020 ఫిబ్రవరి 19న చెన్నై సమీపంలో ‘ఇండియన్ 2’ సెట్టుపై క్రేన్ కూలి ముగ్గురు మరణించిన ఘటన చూపింది. ప్రమాదం జరిగిన మరునాడు పనివాడు ఎవరి కింద, ఏ షరతుపై పనిచేస్తున్నాడన్నదే మొదటి ప్రశ్న అవుతుంది.

ఆ ప్రశ్నకు అందరికన్నా బలహీనమైన జవాబు స్థానికులది. ఔట్‌డోర్ యూనిట్ ఒక ఊరికి వచ్చినప్పుడు సంత దృశ్యానికి కావలసిన గుంపు, ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు, వంటవారు, కాపలావారు, బరువులు మోసేవారు ఆ చుట్టుపక్కల ఊళ్లనుంచే ఒకటి రెండు రోజుల కూలికి వస్తారు, ఎవరో ఒక మధ్యవర్తి నోటిమాటతో వారిని సమకూర్చుతాడు. హైదరాబాద్ లైట్‌మెన్‌కు కనీసం సంఘం కార్డు ఉంది. ఆళ్లగడ్డనుంచి వచ్చి అదే స్కిమ్మర్ తాడు పట్టుకున్నవాడికి కార్డూ లేదు, కాగితమూ లేదు, గుర్రం తన్నినా, తీగ తగిలి షాక్ కొట్టినా, అతడు ఆ చిత్రానికి పనిచేసినట్లు రుజువే ఉండదు. కావున చిత్రీకరణకు అనుమతినిచ్చే పంచాయతీలు, దేవస్థానాలు, అటవీ, పర్యాటక శాఖలు స్థల రుసుముతో పాటు స్థానికంగా పనికి పెట్టుకునేవారి పేర్ల జాబితానూ, వారికి తీసుకున్న ప్రమాద బీమా పత్రాన్నీ షరతుగా కోరాలి. కూలికి వెళ్లేవారు కూడా మధ్యవర్తి మాటతో సరిపెట్టుకోక, సంస్థ పేరు, తేదీ, రోజు కూలి రాసిన చీటీని పనిలో దిగకముందే అడిగి తీసుకోవాలి.