నాయనగారితో సోమశిలకు

‘ముంపు’ చిన్న మాట. ‘మునుగు’ అను ధాతువు నుండి పుట్టినదని తరగతిలో ఒక్క నిమిషంలో చెప్పి ముందుకు పోతాము. కాని కృష్ణకు ఇరువైపుల 1981 తరువాత అది ఇంటిపేరు వంటిదయినది. “మీదే ఊరు?” అంటే “ముంపు ఊరు” అని బదులు చెప్పేవారు నేటికీ కలరు. శ్రీశైలం జలాశయంలో మునిగిన సుమారు నూరు గ్రామాలలో మా నాయనగారి ఊరొకటి. పేరు చెప్పినా పాఠకులకు పటంలో దొరకదు.

ఆయన యౌవనంలోనే లాల్‌దర్వాజాకు వచ్చి, పాతబస్తీ బడులలో ముప్పై యేండ్లకు పైగా తెలుగు చెప్పారు. 1981 వేసవిలో మా నాయనమ్మ రెండు ఇత్తడి బిందెలతో, ఒక విసుర్రాయితో మా ఇంటికి చేరింది. అటు తరువాత నాయనగారు ఆ దిక్కు పోలేదు. వేసవిలో నీరు తీసినప్పుడు బంధువులు పోయి తమ గోడలు చూచుకొని వచ్చేవారు. ఈయన ఎన్నిసార్లు పిలిచినా కదలలేదు.

1999 సంక్రాంతి సెలవులలో తామే అన్నారు, సోమశిలకు పోదామని.

“ఇప్పుడు నీళ్లుంటయి నాయనా, ఊరు కనబడదు.”

“అందుకే పోదామంటున్న.”

తెల్లవారకముందే చేతక్ స్కూటరు మీద బయలుదేరాము. శాలిబండలో ఇరానీ చాయ తాగి, చాంద్రాయణగుట్ట మీదుగా పహాడీ షరీఫ్ దాటేసరికి చలి ఎముకలు కొరుకుతున్నది. నాయనగారు కోతిటోపీ పెట్టుకొని, చొక్కా లోపల ఎదకు అడ్డంగా దినపత్రిక పరచుకున్నారు. (ఆదివారపు సంచిక అయితే ఇంకా వెచ్చగా ఉంటుందని ఆయన మతము.) తుక్కుగూడ దగ్గర నేడు ఔటర్ రింగు రోడ్డు, ఎడతెగని కట్టడాలు, ఆనాడు గుట్టలు, మంచు, అక్కడక్కడ ఒక దీపం. కడ్తాల, ఆమనగల్లు, కల్వకుర్తి. కంది, ఆముదపు చేలమీద ఎండ పడిన తరువాత గాని వేళ్లు వంగలేదు.

నాగర్‌కర్నూలు దాటిన పిదప వెనుక సీటునుండి పాఠం మొదలైనది. జటప్రోలు, కొల్లాపురం ఏలిన సురభి వంశం, ఆ వంశపు మాధవరాయలు రచించిన ‘చంద్రికా పరిణయము’, అందలి శ్లేష. సగం గాలికి పోయినది, సగం నాకు దక్కినది. ఇంటిలో ఆయన నాతో ఇంతసేపు మాట్లాడిన దినము నాకు జ్ఞాపకం లేదు.

సోమశిలలో, ముంపునుండి తప్పించి పైకి తెచ్చి కట్టిన గుడులకు దండం పెట్టి రేవుకు దిగాము. ఆవలి ఒడ్డున కొండలు. పుట్టి మాట్లాడుకొని నీటిలోనికి పోయాము. నాయనగారు ఆ కొండకొమ్ములు గురి చూచుకుంటూ, “ఎడమకు... ఇంకా జర ఎడమకు... ఆపు” అన్నారు. చుట్టూ నీరే. అక్కడ కూర్చుండి హాజరుపట్టీ చదివినట్లు వాడకట్టు వెంబడి ఇంటింటి యజమాని పేరు చదవసాగారు. పన్నెండో పదమూడో పేరు దగ్గర పుట్టివాడు తెడ్డు ఆపి, “కాదు సారూ, బాయి దాటినంక మా మేనమామ ఇల్లు. మీరు చెప్పేది దాని ఎనుక” అన్నాడు. ఇద్దరికీ చాలసేపు వాదం నడిచినది.

తిరిగివస్తూ అడిగితే ఇంతే చెప్పారు: “ఎండకాలం వస్తే మొండిగోడలు కనబడతయి. అవి చూచినంక ఇల్లు యాదికి రాదు.”

ఉపాధ్యాయ సోదరులకు ఒక మాట. మన పాఠాలలో శ్రీశైలమంటే 12 గేట్లు, 885 అడుగుల పూర్తి నీటిమట్టం, కుడిగట్టున 770 మెగావాట్ల విద్యుత్తు. ఈ అంకెలు పిల్లలకు రావలసినవే. మన ఇండ్ల దీపాలలో వాటి వెలుగు కలదు. కాని అదే పాఠంలో మునిగిన ఊళ్ల పేర్లు ఒక్క పేరాగా ఉంటే పుస్తకం బరువెక్కిపోదు. పుస్తకంలో లేకున్నా, నల్లబల్ల మీద వ్రాయుటకు ఎవరి అనుమతీ అక్కరలేదు.

ఆ రాత్రి కల్వకుర్తి హోటలులో నాయనగారు చొక్కాలోని పత్రిక తీసి, దాని అంచుల తెల్లజాగాలో ఊరి నక్ష గీచారు. చాలక నా జేబులోని రసీదుల వెనుక కూడ గీచారు. మేనమామ ఇల్లు పుట్టివాడు చెప్పినచోటనే పెట్టారు. రెండు గళ్లలో పేరు గుర్తురాక ప్రశ్నార్థకాలు వేశారు. ఆయన పోయిన తరువాత మా మేనత్త ఒకటి పూరించినది. రెండవది అట్లే ఉన్నది.