సాంబ మసూరికి ఒక చిన్న సవరణ

సన్నన్నం అనగానే తెలుగువాళ్లకు ముందు గుర్తొచ్చేది సాంబ మసూరి. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన ఈ బీపీటీ 5204 రకం నలభై ఏళ్లు కావస్తున్నా పొలంలోనూ బజారులోనూ తన చోటు వదల్లేదు. గింజ సన్నం, అన్నం మెత్తన, ధాన్యానికి మంచి ధర. దాంతో వచ్చే ఇబ్బందులూ రైతుకు తెలుసు. పంట చేతికి రావడానికి దాదాపు ఐదు నెలలు పడుతుంది. ఈలోగా కాలువకు నీళ్లు ఆగిపోయినా, కోతల వేళ తుపాను పట్టినా నష్టం తప్పదు. ఎండాకు తెగులు సోకిందంటే ఆకులు కొసల నుంచి పసుపెక్కి ఎండిపోతాయి.

ఈ లోపాలను సరిదిద్దాలంటే మరో రకంతో సంకరం చేయాలి. చిక్కంతా అక్కడే. కావలసిన ఒక్క జన్యువే రాదు, దాని వెంట అక్కర్లేనివీ బోలెడు వస్తాయి. గింజ లావెక్కవచ్చు, అన్నం తీరు మారవచ్చు. అందుకే పుట్టిన మొక్కలను మళ్లీ మళ్లీ సాంబ మసూరితోనే కలుపుతూ, ప్రతి తరంలోనూ ఏరుతూ పోవాలి. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులను ఇలాగే ఓపిగ్గా చేర్చాయి. వాటిలో ఒకటి ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చింది. ఆ ‘మెరుగుపరచిన సాంబ మసూరి’ 2008లో రైతులకు అందింది.

2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ ప్రకటించిన రెండు వరి రకాలు మరో దారిలో వచ్చాయి. వీటిలో వేరే రకం జన్యువులేవీ కలపలేదు. ఉన్న జన్యువునే ఒకచోట సవరించారు. మొదటిది రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ సాంబ మసూరి నుంచి రూపొందించిన డీఆర్ఆర్ ధాన్ 100. దానికి పెట్టిన పేరు కమల.

వరి మొక్కలో వెన్ను రూపుదిద్దుకునే చోట కణాలు చురుగ్గా విభజన చెందడానికి సైటోకైనిన్ అనే హార్మోన్ కావాలి. అది ఎంత నిలిస్తే వెన్నులో అన్ని గింజలకు అవకాశం. అయితే ఆ హార్మోన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్‌నూ మొక్కే తయారు చేస్తుంది. ఆ ఎంజైమ్‌కు మూలం సీకేఎక్స్2 అనే జన్యువు. అది బలహీనంగా ఉన్న వరిలో గింజలు ఎక్కువగా పడతాయని 2005లో జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు. హైదరాబాద్ బృందం సాంబ మసూరిలో సరిగ్గా ఆ జన్యువునే గురిపెట్టింది.

వరి జన్యు సంపుటం 12 క్రోమోజోముల్లో పరుచుకున్న దాదాపు 39 కోట్ల అక్షరాల రాత. అందులో ఒక్క చోటును వెతికి పట్టుకునే సాధనం క్రిస్పర్. జెన్నిఫర్ డౌడ్నా, ఎమ్మాన్యుయెల్ షార్పెంటియే దీన్ని 2012లో లోకానికి చూపించారు, 2020లో రసాయన శాస్త్రంలో నోబెల్ అందుకున్నారు. ఇందులో రెండు భాగాలుంటాయి. దాదాపు 20 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ ముక్క తనకు సరిపోలే చోటును వెతుక్కుంటుంది. దాని వెంట వచ్చిన కాస్9 ప్రొటీన్ అక్కడ డీఎన్ఏను కత్తెరలా తెంపుతుంది. కణం ఆ తెగిన చోటును హడావిడిగా అతికించేటప్పుడు ఒకటి రెండు అక్షరాలు జారిపోతాయి, లేదా అదనంగా చేరతాయి. దాంతో జన్యువు పని ఆగిపోతుంది.

ప్రయోగశాలలో ఈ పని పొట్టు తీసిన గింజతో మొదలవుతుంది. దాన్ని పోషకాలు కలిపిన జెల్లీ మీద ఉంచితే మొలక భాగం నుంచి లేత పసుపు రంగు కణాల ముద్దలు ఉబ్బుతాయి. క్రిస్పర్ సాధనానికి సంబంధించిన డీఎన్ఏను ఒక బ్యాక్టీరియా ద్వారా ఆ కణాల్లోకి పంపుతారు. ఆ ముద్దల నుంచి మొక్కలు మొలిచాక వాటి గింజలను మళ్లీ నాటుతారు. సవరణ ఒక చోట, సాధనం మరో చోట ఉండటం వల్ల తర్వాతి తరంలో అవి విడిపోతాయి. సవరణ మాత్రమే మిగిలి, సాధనం తాలూకు పరాయి డీఎన్ఏ లేని మొక్కలను పరీక్షించి ఏరుకుంటారు.

బీటీ పత్తికీ దీనికీ తేడా ఇక్కడే ఉంది. పత్తిలో ఒక బ్యాక్టీరియా జన్యువు శాశ్వతంగా ఉంటుంది. కమలలో బయటి జన్యువు మిగలదు. ఈ తేడా ఆధారంగానే కేంద్ర పర్యావరణ శాఖ 2022 మార్చిలో ఇలాంటి సవరణ పంటలకు జన్యుమార్పిడి పంటల కఠిన అనుమతుల నుంచి మినహాయింపు ఇచ్చింది.

దేశవ్యాప్త ప్రయోగాల్లో సాంబ మసూరి హెక్టారుకు సగటున నాలుగున్నర టన్నులు ఇవ్వగా, కమల 5.37 టన్నులు ఇచ్చిందని భారత వ్యవసాయ పరిశోధన మండలి చెబుతోంది. ఎకరాకు లెక్కేస్తే 18 క్వింటాళ్లు 21 దాటాయన్నమాట. పంటకాలం 20 రోజులు తగ్గి 130 రోజులకు వచ్చింది. చివరి తడులకు నీళ్లు ఉంటాయో ఉండవో తెలియని ఆయకట్టు చివరి రైతుకు ఈ 20 రోజులు పెద్ద ఊరట.

రెండో రకం కూడా తెలుగు నేల విత్తనమే. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరులో పుట్టిన ఎంటీయూ 1010ను రైతులు కాటన్‌దొర సన్నాలు అంటారు. ఢిల్లీలోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థ ఇందులో డీఎస్‌టీ అనే జన్యువును నిలిపివేసింది. అది పనిచేయకపోతే ఆకు వెడల్పవుతుంది, ఆకుపై గాలి, ఆవిరి వచ్చిపోయే పత్రరంధ్రాలు తగ్గుతాయి. నీటి నష్టం తగ్గి, మొక్క బెట్టనూ ఉప్పునూ మెరుగ్గా తట్టుకుంటుంది. ‘పూసా డీఎస్‌టీ రైస్ 1’గా విడుదలైన ఈ రకం తీరప్రాంత ఉప్పు నేలల్లో 30.4 శాతం, క్షార నేలల్లో 14.66 శాతం అధిక దిగుబడి ఇచ్చిందన్నది అధికారిక లెక్క. సముద్రపు ఉప్పు ఎగదన్నే కృష్ణా, గోదావరి డెల్టా చివరి భూములకు ఇది నేరుగా సంబంధించిన విషయం.

ఒక్క జన్యువుతో అన్నీ తీరిపోవు. నారు దశలో బెట్ట వేరు, పూత దశలో బెట్ట వేరు. పైగా ఎండల్లో ఆకు చల్లబడేది పత్రరంధ్రాల నుంచి ఆవిరయ్యే నీటితోనే. నీటిని పొదుపు చేసే మొక్క వడగాలికి ఎలా నిలుస్తుందో విడిగా చూడాల్సిందే. ప్రయోగాల గణాంకాలు ప్రకటించిన ఫలితాలను బలపరచడం లేదని జన్యుమార్పిడి వ్యతిరేక సంఘాలు ఆరోపించాయి. పరిశోధన మండలి ఆ ఆరోపణలను తోసిపుచ్చింది. ప్రతి కేంద్రంలో, ప్రతి సీజన్‌లో వచ్చిన దిగుబడిని రైతుకు అర్థమయ్యే తెలుగులో బయటపెట్టడమే ఈ వాదనకు తగిన సమాధానం.

విత్తనం మీద హక్కు అంతకంటే పెద్ద ప్రశ్న. ఇవి హైబ్రిడ్లు కావు, పండిన గింజనే మళ్లీ విత్తుకోవచ్చు. అలా దాచుకునే హక్కును 2001 నాటి చట్టం రైతుకు ఇచ్చింది. కానీ క్రిస్పర్ సాధనంపై పేటెంట్లు విదేశీ సంస్థల చేతిలో ఉన్నాయి. కేంద్రం 2023-24 బడ్జెట్‌లో పంటల జన్యు సవరణకు రూ.500 కోట్లు కేటాయించింది, పప్పుధాన్యాలు, నూనెగింజల మీదా పని మొదలైంది. ప్రజాధనంతో తయారయ్యే ఈ విత్తనాల ధర మీద, వాడకం మీద పేటెంట్ల భారం ఏమాత్రం పడదని సంచులు ఊళ్లకు చేరేలోపే రాతపూర్వకంగా తేల్చాలి.