హోమరసు సీతాకోకచిలుక

మన పెరళ్లలోని నిమ్మచెట్లపైనను కరివేపచెట్లపైనను నలుపు, పసుపు మచ్చల రెక్కలుగల సీతాకోకచిలుక యొకటి తరచుగ వ్రాలుచుండును. దానిని మీరందఱును చూచియే యుందురు. సముద్రముల కావల, జమైకా ద్వీపమున, దానికి మిక్కిలి పెద్దదగు జ్ఞాతి యొకటి కలదు. దాని పేరు హోమరసు. మన నిమ్మ సీతాకోకచిలుక యనేక దేశములందు వ్యాపించి యుండగా, దాని జ్ఞాతి రెండు కొండయడవులను విడిచి మఱెచ్చటను కానరాదు. ఒకే యింటిపేరుగల యీ రెంటికిని ఇంత భేదమేల కలిగెనో తెలిసికొందము.

సీతాకోకచిలుక రెక్కను తాకినచో వ్రేలికి పొడివంటి దంటుకొనును. అది మిక్కిలి సన్నని పొలుసుల సమూహము. ఇట్టి పొలుసుల రెక్కలుగల కీటకముల నన్నిటిని శాస్త్రజ్ఞులు ఒక గణముగా నేర్పఱచిరి. ఆ గణమునందు పాపిలియోనిడే యనునది యొక కుటుంబము. ఆ కుటుంబమున పాపిలియో యనునది యొక ప్రజాతి. ఆ ప్రజాతిలో నిమ్మ సీతాకోకచిలుక యొక జాతి. హోమరసు వేఱొక జాతి. ప్రతి జాతికిని రెండు పదముల పేరుండును. మన తెలుగువారి పేళ్లలో వలెనే ఇంటిపేరు ముందును, సొంతపేరు వెనుకను వచ్చును.

ఈ నామకరణ పద్ధతిని నెలకొల్పినవాడు స్వీడన్ దేశీయుడగు లిన్నేయసు. అతడు 1758లో పెక్కు సీతాకోకచిలుకలకు ట్రాయి యుద్ధకథలలోని వీరుల పేళ్లు పెట్టెను. మన నిమ్మ సీతాకోకచిలుకకు డెమోలియసు అను యోధుని పేరు వచ్చినది. అతని శిష్యుడు, డెన్మార్కు దేశీయుడగు ఫాబ్రీషియసు, 1793లో జమైకా సీతాకోకచిలుకకు ఆ యుద్ధమును గానము చేసిన మహాకవి హోమరు పేరు నొసగెను. మనకు వాల్మీకివ్యాసు లెట్టివారో గ్రీకులకు హోమ రట్టివాడు.

ఆ పేరు దాని రూపమునకు తగియే యున్నది. రెక్కలు చాచినప్పుడు ఒక కొననుండి మఱియొక కొనకు దాదాపు 15 సెంటీమీటర్లుండును. ముదురు గోధుమవన్నె రెక్కలపై వెడల్పైన పసుపుపట్టెయు, వెనుక రెక్కలపై నీలి మచ్చలును, చివర గరిటెల వంటి తోకలును కలవు. పడమటి అర్ధగోళమందలి తోక సీతాకోకచిలుకలలో దీనికంటె పెద్దది లేదు.

జమైకా కరీబియన్ సముద్రమున క్యూబాకు దక్షిణముగా నున్నది. దాని వైశాల్యము 11,000 చదరపు కిలోమీటర్లకు లోపలనే. ద్వీపమునకు తూర్పున బ్లూ కొండలు, జాన్ క్రో కొండలు కలవు. ఈశాన్యపు గాలులు తెచ్చిన మేఘము లచ్చట విస్తారముగ వర్షించును. పడమటి భాగమున కాక్‌పిట్ కంట్రీ యనబడు సున్నపురాతి గుట్టల సీమ యున్నది. ఈ రెండు తావులందలి తడియడవులే హోమరసునకు నేడు నివాసములు. నడిమి కొండలలోను పూర్వ మిది యుండెడిది. అచ్చట నిప్పుడు లేదు.

ఇట్లగుటకు ముఖ్యకారణ మాహారము. సీతాకోకచిలుక పువ్వులలోని తేనెను త్రాగును గాని, దాని గొంగళిపురుగు ఆకులను తినును. అందును తనకు నియతమైన చెట్ల యాకులనే తినును. నిమ్మ సీతాకోకచిలుక పురుగునకు నిమ్మ, నారింజ, కరివేప, మారేడు మున్నగువాని యాకులు ప్రీతికరములు. మనుష్యుడు నిమ్మజాతి చెట్లు నాటిన చోటెల్ల దానికి విందు సిద్ధము. ఆసియాయందు పుట్టిన యా జాతి 2004లో కరీబియన్ ప్రాంతమందలి డొమినికన్ రిపబ్లిక్‌లో కనబడి, కొలది యేండ్లలోనే జమైకాకును చేరినది! హోమరసు పురుగు అట్లు కాదు. అది హెర్నాండియా చెట్ల యాకులపై పెరుగును. దాని కాహారమగు హెర్నాండియా జాతులు జమైకాలోనే యున్నవి. అంతియే కాదు, పురుగు చక్కగ పెరుగుటకు గాలిలో తేమ సమృద్ధిగ నుండవలెను. పెట్టిన గ్రుడ్లలో పెక్కింటిని సూక్ష్మమైన కందిరీగజాతి కీటకములు నశింపజేయును. కావున సుఖస్థితిలో సైతము దాని సంతతి విస్తారము కాదు.

కాఫీతోటలకొఱకును, కలపకొఱకును అడవులను నఱకుటచే దాని నివాసము కుంచించుకొని పోయినది. తూర్పున నున్నవియు పడమట నున్నవియు నిప్పుడు కలిసికొనజాలవు. నడుమ పొలములును ఊళ్లును అడ్డమైనవి. ఒకచోట నశించినచో రెండవచోటినుండి వచ్చి ఆ లోటు తీర్చునవి లేవు.

దీనిని పట్టి పరదేశములలో విక్రయించు వ్యాపారమును అంతర్జాతీయ ఒప్పందము 1987లో నిషేధించినది. 2015లో యునెస్కో సంస్థ బ్లూ, జాన్ క్రో కొండలను ప్రపంచ వారసత్వ స్థలముగ గుర్తించినది. కాక్‌పిట్ కంట్రీ మట్టిలో అల్యూమినియపు ముడిఖనిజమగు బాక్సైటు కలదు. అచ్చట రక్షితప్రాంతమునకు ఎల్లలు నిర్ణయించి, వానిలోపల గనులు త్రవ్వరాదని జమైకా ప్రభుత్వము 2017లో ప్రకటించినది. ఇవి మేలైన పనులు. కాని వలపన్నువానిని వారించుటతో పని ముగియదు. చెట్టు నిలువవలెను, చెట్టుచుట్టును అడవి నిలువవలెను.

ఒక ప్రాణి యే కుటుంబమునకు చెందినదో వర్గీకరణము తెలుపును. అది యేమి లేక బ్రతుకజాలదో దాని యునికిపట్టులు తెలుపును. మొదటిది తెలిసి పేరు పెట్టితిమి. రెండవది తెలిసికొని నడచుకొన్ననాడే ఆ పేరుగల ప్రాణి భూమిపై నిలుచును.