మీకు తెలుసా? పంటి పాచి నుంచి షార్క్ చర్మం దాకా!

పొద్దున్నే పళ్లు తోముకుంటూ ఎందరి చేత ఇల్లు ఖాళీ చేయిస్తున్నారో తెలుసా? ఒక్క మిల్లీగ్రాము పంటి పాచిలో 10 కోట్లకు పైగా బ్యాక్టీరియా! మిల్లీగ్రామంటే ఎంతని? గోటి కొసకు అంటినంత!

ఈ పాచి మొండితనాన్ని ముందే పసిగట్టిన మనిషి డాక్టరు కాదు, హాలెండ్‌లో బట్టల వ్యాపారి! పేరు లీవెన్‌హుక్. 1680ల్లోనే పాచిని సూక్ష్మదర్శినిలో చూశాడు. దాని మీద వెనిగర్ ప్రయోగించాడు. పైపైనవి చచ్చాయి. లోపలివి హాయిగా కదులుతూనే ఉన్నాయి!

ఎందుకంటారా? అవి జిగురు కార్చుకుని, అందులో అతుక్కుని, పొర కట్టేస్తాయి. దాన్నే బయోఫిల్మ్ అంటారు. విడిగా ఈదే బ్యాక్టీరియాను చంపే మందు వీటికి ఏ మూలకూ చాలదు. ఒక్కోసారి 1000 రెట్లు కావాలి! అంత మందు ఒంట్లోకి ఎక్కిస్తే ముందు మనిషికే ముప్పు! అందుకే పళ్ల డాక్టరు మాత్ర రాసి ఊరుకోరు, కూర్చోబెట్టి గార గీకుతారు!

ఆ కుర్చీ పక్కన సన్నటి నీటి గొట్టాలు చూశారా? వాటి లోపలా ఇదే పొర! మామూలు చికిత్సకు వాడే నీటిలో మిల్లీలీటరుకు 500కు మించి బ్యాక్టీరియా ఉండకూడదని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ హద్దు గీసింది. కాసేపు నీళ్లు వదిలేస్తే చాలదా? చాలదు! తేలుతున్నవి కొట్టుకుపోతాయి. పొర అక్కడే ఉంటుంది! గొట్టాలను మందు ద్రావణంతో కడగాల్సిందే.

నీళ్లే కదా అనుకోకండి! 2016లో కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో పాలపళ్ల నరానికి చికిత్స చేయించుకున్న పిల్లల్లో 71 మందికి ఇన్‌ఫెక్షన్ అంటుకుంది. నీటిలోంచే!

రూట్ కెనాల్ చేసేటప్పుడు పంటి లోపల పోసే ద్రవం ఏమిటో చెప్పుకోండి చూద్దాం! సోడియం హైపోక్లోరైట్! బట్టల మరకలు పోగొట్టే బ్లీచ్‌లో ఉండేదీ అదే! బ్యాక్టీరియాను చంపుతుంది, జిగురునూ కరిగిస్తుంది. 1936లోనే దీన్ని పంటికి వాడవచ్చని చెప్పారు. మీరు మాత్రం ఇంట్లో నోట్లో పోసుకోకండి!

ఇక ఆస్పత్రి సింకు సంగతి వినండి. నన్నడిగితే అన్నిటికంటే ఒళ్లు జలదరించేది ఇదే! వర్జీనియా యూనివర్సిటీలో పరిశోధకులు సింకు కింది వంపు గొట్టంలో మెరిసే ఈ.కోలై బ్యాక్టీరియాను వదిలారు. దానికి తిండి కూడా అందించారు. పొర గొట్టం గోడల వెంట పైకి పాకింది! రోజుకు అంగుళం చొప్పున! జాలీ దాకా వచ్చేసింది. పైనుంచి కుళాయి తిప్పారో లేదో, చుట్టుపక్కలంతా చింది పడింది! చేతులు శుభ్రం చేసుకునే చోటే ఈ వ్యవహారం! అందుకే కుళాయి ధార తిన్నగా జాలీ మీద పడకుండా సింకులు కట్టమంటున్నారు.

ఇదే పొర మూత్రం గొట్టాల్లోనూ కడుతుంది! ఆ గొట్టం పెట్టిన రోగికి మూత్రంలో బ్యాక్టీరియా చేరే ముప్పు రోజుకు 3 నుంచి 7 శాతం చొప్పున పెరుగుతుంది! దీనికి అన్నిటికంటే మంచి మందేమిటో తెలుసా? అవసరం తీరగానే గొట్టం తీసేయడం! మీ వాళ్లెవరైనా ఆస్పత్రిలో ఉంటే "ఈ గొట్టం ఇంకా కావాలా డాక్టరుగారూ?" అని అడగండి. తప్పేమీ లేదు!

చంపడం సరే, అసలు అతుక్కోకుండా చేస్తే? అమెరికా నౌకాదళం ఓడల అడుగున నాచు పట్టకుండా ఉపాయం అడిగింది. ఫ్లోరిడా యూనివర్సిటీకి చెందిన ఆంథనీ బ్రెన్నన్ చూపు షార్క్ మీద పడింది. దాని ఒంటికి నాచు పట్టదు! ఆ చర్మం గరుకును సిలికోన్ ముక్క మీద అచ్చు దించారు. మందు పూత లేదు, విషం లేదు, ఉత్త గీతలే! దాని మీద స్టాఫిలోకాకస్ బ్యాక్టీరియాను వదిలి చూశారు. నున్నటి ముక్క మీద 14 రోజులకే పొర ముదిరింది. గీతల ముక్క మీద మొదటి ఆనవాలు కనిపించడానికే 21 రోజులు పట్టింది!

సికాడా అనే పురుగు రెక్క ఇంకా గడుసుది! దాని నిండా కంటికి కనిపించని సూదులు. వాటి మీద వాలిన సూడోమోనాస్ బ్యాక్టీరియా సుమారు 3 నిమిషాల్లో చిట్లిపోతుంది. ఇక పొర కట్టే తీరికెక్కడిది!