యూవీ ఉన్నది పేరులోనే

ఫోన్‌కు స్క్రీన్ గార్డు వేయించుకుందామని వెళితే షాపు కుర్రాడు రెండు తీసి చూపించాడు. “ఇది మామూలు గ్లాసు సార్. ఇదేమో యూవీ గ్లాసు, ఎండ నుంచి కాపాడుతుంది. నైన్ హెచ్, మేకుతో గీసినా గీత పడదు.” అతణ్ని అనడానికేం లేదు, డబ్బా మీద ఉన్నదే చదివాడు. తర్వాత తెర మీద చిక్కటి ద్రవం ఓ చుక్క వేసి, గాజు పరిచి, బుల్లి ఊదారంగు దీపం పెట్టాడు. చూస్తుండగానే జిగురు బిగిసిపోయింది. యూవీ అంటే అక్కడ జరిగిందే. గాజుకు దానితో సంబంధం లేదు.

అపోహ: యూవీ పూత అంటే ఎండను ఆపే పూత

ఆ పేరు పూత ఎలా గట్టిపడిందో చెబుతుంది, ఏం చేస్తుందో చెప్పదు. శుభలేఖ మీద వధూవరుల పేర్లు తడిసినట్టు మెరిసే స్పాట్ యూవీ, మాడ్యులర్ కిచెన్ తలుపుల నిగనిగ, ఆప్టికల్ ఫైబర్ మీది సన్నని తొడుగు అన్నీ అతినీలలోహిత కాంతితో గట్టిపడినవే. ఎండకు ఆగాలంటే ఆ కిరణాల్ని పీల్చే ద్రవ్యాలు విడిగా కలపాలి. చిక్కేమిటంటే, అవి దీపం కాంతినీ పీల్చేసి పూత గట్టిపడకుండా అడ్డుపడతాయి. ఈ రెంటికీ పొత్తు కుదర్చడమే ఫార్ములా తయారుచేసేవాళ్ల తలనొప్పి. చాలా కార్ల హెడ్‌లైట్ల ప్లాస్టిక్ మీద అలా కుదిర్చిన పూతే ఉంటుంది. ఏళ్ల ఎండకు అది అరిగిపోయాక హెడ్‌లైటు పచ్చబడుతుంది.

అపోహ: దీపం వేడికి పూత ఆరుతుంది

పాతకాలపు పాదరస దీపాలు బాగా వేడెక్కుతాయి కాబట్టి ఈ నమ్మకం పుట్టి ఉంటుంది. ఆరడమంటే నీరో థిన్నరో ఎగిరిపోవడం. చాలా యూవీ పూతల్లో ఎగిరిపోయేదే ఉండదు, ద్రవం ద్రవంగానే ఘనమవుతుంది. అందులో ఫొటోఇనీషియేటర్ అనే పదార్థం కొద్దిగా కలుపుతారు. కాంతి తగలగానే దాని అణువు రెండుగా చీలి ఫ్రీ రాడికల్స్ పుడతాయి. అవి అక్రిలేట్ అణువుల్లోని జంట బంధాల్ని తెరిచి, ఒకదానికొకటి తగిలిస్తూ వలలా అల్లేస్తాయి. ఆ అల్లిక ఎంత వేగమంటే, 125 మైక్రాన్ల గాజు పోగు సెకనుకు 20 మీటర్లకు పైగా పరుగెత్తుతుండగానే దాని మీద పూత బిగిసిపోతుంది.

అపోహ: వేలికి అంటకపోతే అయిపోయినట్టే

అసలు మోసం ఇక్కడే ఉంది. జెల్ నెయిల్ పాలిష్ వేయించుకున్నవాళ్లకు తెలుసు, దీపం కిందనుంచి తీశాక కూడా చాలా రకాలు పైన జిగటగానే ఉంటాయి, స్పిరిట్ దూదితో తుడవాలి. గాల్లోని ఆక్సిజన్ పైపొర రాడికల్స్‌ను మింగేయడమే కారణం. లోపల మాత్రం గట్టిపడే ఉంటుంది. కొన్ని ఫ్యాక్టరీల్లో నైట్రోజన్ నింపి ఈ బాధ తప్పించుకుంటారు. దీనికి తలకిందులు తెల్లరంగు. అందులోని టైటానియం డయాక్సైడ్ యూవీని తానే తాగేస్తుంది. పైన రాయిలా ఉంటుంది, అడుగున పచ్చిగానే మిగులుతుంది.

అందుకే వేలిని నమ్మరు. గుడ్డను మిథైల్ ఇథైల్ కీటోన్‌లో తడిపి, చూపుడువేలికి చుట్టి, ఒకే ఒత్తిడితో ముందుకూ వెనక్కూ రుద్దుతారు. వెళ్లి రావడం కలిపితే ఒక లెక్క. పచ్చిగా ఉన్న పూత పది, పదిహేను లెక్కలకే మసకబారి గుడ్డకు అంటుకొస్తుంది. సరిగా బిగిసింది వంద దాటినా మెరుస్తూనే ఉంటుంది. చేయి నొప్పి పుట్టే పరీక్షే గానీ, నా దృష్టిలో దీన్ని మించిన సులువైనది లేదు.

పచ్చిగా మిగిలితే నష్టం మెరుపుకే కాదు. కలవకుండా మిగిలిన అక్రిలేట్ల వల్లే జెల్ నెయిల్స్ వేసేవాళ్లకూ వేయించుకునేవాళ్లకూ చర్మ ఎలర్జీలు వస్తాయి. 2005లో ఇటలీలో పసిపిల్లల పాలల్లో ఐటీఎక్స్ అనే ఫొటోఇనీషియేటర్ కనిపించి పెద్ద గొడవైంది. అది డబ్బా బయటి అచ్చు సిరాలోది. చుట్టలుగా చుట్టిన అట్టలో బయటి వైపు లోపలి వైపును తాకినప్పుడు అంటుకుని, అక్కడినుంచి పాలలోకి దిగింది.

అపోహ: దీపం ఎంతసేపు పెడితే పూత అంత మేలు

కాదు. అక్రిలేట్లు అల్లుకుంటూ కుదించుకుపోతాయి. అతిగా బిగిస్తే పూత పెళుసుబారి, అడుగు వదిలేస్తుంది. బ్లేడుతో నిలువూ అడ్డమూ గళ్లుగా గీసి, టేపు అంటించి లాగి చూస్తారు. ఈ పరీక్షలో మార్కులు మాత్రం విచిత్రం. ఒక్క గడీ కూడా ఊడకపోతే అమెరికా ఏఎస్‌టీఎం పద్ధతిలో 5బీ, ఐఎస్‌ఓ పద్ధతిలో 0. రిపోర్టు చదివేటప్పుడు ఏ పద్ధతో చూసుకోకపోతే మంచి పూతను వెనక్కి పంపేస్తారు.

అపోహ: 9హెచ్ అంటే వజ్రం పక్కన నిలిచే గట్టిదనం

ఖనిజాల మోస్ కొలతలో వజ్రం 10 కనుక 9 అంటే దాదాపు అంతేనని అనిపిస్తుంది. కానీ ఆ హెచ్ పెన్సిలుది. 6బీ నుంచి 9హెచ్ దాకా పెన్సిళ్లు తీసుకుని, మొన చదును చేసి, 45 డిగ్రీల కోణంలో నొక్కి పూత మీద తోస్తారు. గీత పెట్టలేకపోయిన పెన్సిళ్లలో గట్టిదాని పేరే ఆ పూతకు మార్కు. పెన్సిల్ ములికి ఎంత గట్టిదైనా గ్రాఫైటూ బంకమన్నే కదా.

మేకు మాట మాత్రం కుర్రాడు అబద్ధం చెప్పలేదు. మామూలు ఇనుప మేకుతో ఇంటి కిటికీ అద్దం మీద గీసినా గీత పడటం కష్టమే. గాజు మోస్ కొలతలో 5.5 ప్రాంతం, ఇసుకలోని క్వార్ట్జ్ 7. ఆ సంగతి చెప్పి, ఫోన్ జేబులో వేసుకుని, సముద్రం ఒడ్డుకు మాత్రం జేబు దులిపి వెళ్తానన్నాను. నవ్వి, ఇంకో గార్డు కూడా తీసుకెళ్లమన్నాడు.