ఉత్తరాలు బతికించిన హారర్ రచయిత: లవ్‌క్రాఫ్ట్ కథ

ఈరోజు దెయ్యాల గురించి కాదు, దెయ్యం లేకుండానే జనాన్ని వణికించిన ఒక మనిషి గురించి మాట్లాడుకుందాం.

మీలో హారర్ గేమ్స్ ఆడేవాళ్లు ఉంటే ఒక బొమ్మ చూసే ఉంటారు. ఆక్టోపస్ లాంటి తల, మనిషి లాంటి ఒళ్లు, వీపున రెక్కలు. దాని పేరు క్తుల్హు. నేను కూడా ముందు ఆ బొమ్మనే చూశాను. ఎవరు పుట్టించారా అని వెతికితే హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్ అనే అమెరికన్ రచయిత పేరు దొరికింది. నిజం చెప్పాలంటే, ఆయన గురించి చదివాక ఆ రాక్షసుడి కంటే ఆయన జీవితమే నన్ను ఎక్కువ వెంటాడింది.

లవ్‌క్రాఫ్ట్ 1890 ఆగస్టు 20న రోడ్ ఐలాండ్ రాష్ట్రంలోని ప్రావిడెన్స్‌లో పుట్టాడు. మూడేళ్లు నిండకముందే తండ్రికి మతి చెడింది. మానసిక ఆసుపత్రిలో చేర్చారు. ఐదేళ్ల తర్వాత ఆయన అక్కడే పోయాడు. పిల్లాడు అమ్మతో పాటు తాతయ్య ఇంట్లో పెరిగాడు. పెద్ద ఇల్లు, ఇంటి నిండా పుస్తకాలు, పైగా తాతయ్య చెప్పే భయం కథలు. 1904లో ఆ తాతయ్య కూడా పోయాడు. డబ్బు కరిగిపోయింది, ఇల్లు వదిలేయాల్సి వచ్చింది. 1908లో నరాల జబ్బు వచ్చి స్కూల్ చదువు మధ్యలోనే ఆగిపోయింది. ఆ తర్వాత కొన్నేళ్లు దాదాపు ఇంటికే పరిమితం. 1919లో అమ్మని కూడా అదే ఆసుపత్రిలో చేర్చారు. రెండేళ్లకి ఆమె పోయింది.

సరే, మరి కథలు ఎక్కడ అచ్చయ్యాయి? ఆ రోజుల్లో అమెరికాలో పల్ప్ మ్యాగజైన్లు ఉండేవి. చెక్క గుజ్జుతో చేసిన చౌక కాగితం మీద వేసేవారు కాబట్టి ఆ పేరు. ధర తక్కువ, కవర్ మీద రంగురంగుల బొమ్మ, లోపల హారర్, క్రైమ్, సాహసం. పెద్ద సాహిత్యం చదివేవాళ్లు వాటిని ముట్టుకునేవారు కాదు. 1923లో మొదలైన ‘వియర్డ్ టేల్స్’ అలాంటిదే. లవ్‌క్రాఫ్ట్ కథలు ఎక్కువగా అందులోనే వచ్చాయి.

ఇక్కడే అసలు పాయింట్. మామూలు దెయ్యం కథలో దెయ్యానికి మన మీద పగ ఉంటుంది. అంటే మనం దానికి ముఖ్యమే కదా! లవ్‌క్రాఫ్ట్ దీన్ని తిరగేశాడు. ఆయనకి చిన్నప్పటి నుంచీ ఖగోళశాస్త్రం పిచ్చి. టీనేజ్‌లోనే లోకల్ పేపర్లకి నక్షత్రాల మీద వ్యాసాలు రాశాడు. అంత పెద్ద విశ్వంలో మనిషి ఎంత? మనం నడుస్తుంటే కాలి కింద చీమ పడుతుంది. చీమ మీద మనకి పగ లేదు, అసలు చూడను కూడా చూడం. ఆయన కథల్లో మనుషులే ఆ చీమలు. దీన్నే కాస్మిక్ హారర్ అంటారు. 1926లో రాసిన ‘ది కాల్ ఆఫ్ క్తుల్హు’ అలాంటి కథే. ఎడిటర్ మొదట వద్దన్నాడు. చివరికి 1928లో అచ్చయింది.

ఇప్పుడు దాచకూడని విషయం ఒకటి చెప్పాలి. లవ్‌క్రాఫ్ట్ జాత్యహంకారి. 1924లో సోనియా గ్రీన్‌ని పెళ్లి చేసుకుని న్యూయార్క్ వెళ్లాడు. అక్కడ వలస వచ్చినవాళ్లని చూసి రగిలిపోయాడు. ఆ ద్వేషం ‘ది హారర్ ఎట్ రెడ్ హుక్’ అనే కథలో పచ్చిగా కనిపిస్తుంది. విచిత్రం ఏంటంటే, సోనియా కూడా వలస వచ్చిన యూదు మహిళే! రెండేళ్లకే ఆయన ఒంటరిగా సొంతూరు వెళ్లిపోయాడు. “ఆ కాలం అంతేలే” అని కొందరు సర్దిచెప్తారు. నేను ఒప్పుకోను. వరల్డ్ ఫాంటసీ అవార్డుగా ఏళ్ల తరబడి ఆయన తల బొమ్మే ఇచ్చేవారు. రచయితలు అభ్యంతరం చెప్పడంతో 2015లో ఆపేశారు.

కానీ ఇదే మనిషికి ఇంకో ముఖం ఉంది. కొత్తవాళ్లంటే అంత భయపడిన మనిషి, ముఖం కూడా చూడని కుర్రాళ్లకి వేల ఉత్తరాలు రాశాడు. కానన్ పాత్రని సృష్టించిన రాబర్ట్ ఇ. హోవార్డ్‌తో ఏళ్ల తరబడి ఉత్తరాలు నడిచాయి. ఇద్దరూ ఒక్కసారి కూడా కలవలేదు. 1933లో రాబర్ట్ బ్లాక్ అనే టీనేజ్ కుర్రాడు ఉత్తరం రాస్తే, నువ్వు కూడా కథలు రాయి అని ప్రోత్సహించాడు. తర్వాత ఆ కుర్రాడు లవ్‌క్రాఫ్ట్ లాంటి పాత్రని పెట్టి, ఆయన పర్మిషన్‌తోనే కథలో చంపేశాడు. ఈయన ఊరుకుంటాడా? రాబర్ట్ బ్లేక్ అని పేరు పెట్టి ఇంకో కథలో ఆ కుర్రాణ్ణి చంపేశాడు! హిచ్‌కాక్ తీసిన ‘సైకో’ సినిమాకి మూలమైన నవల రాసింది ఈ బ్లాకే.

తన దేవుళ్లని, తన ఊహా గ్రంథం ‘నెక్రోనమికాన్‌’ని స్నేహితులు వాడుకుంటే సంతోషించాడు. నా ఐడియా, నా కాపీరైట్ అని గొడవపడలేదు.

1937 మార్చి 15న పేగు క్యాన్సర్‌తో చనిపోయాడు. వయసు 46. చేతిలో డబ్బు లేదు. బతికుండగా పుస్తకంగా వచ్చిన కథ ఒక్కటే, అదీ చిన్న ప్రెస్‌లో తప్పులతో అచ్చయింది. అక్కడితో పేరు మాసిపోవాల్సిందే. కానీ ఉత్తరాల స్నేహితులు ఆగస్ట్ డెర్లెత్, డోనాల్డ్ వాండ్రై ఊరుకోలేదు. పెద్ద పబ్లిషర్లు వద్దంటే, 1939లో ఆర్ఖమ్ హౌస్ అని సొంత సంస్థ పెట్టి మరీ పుస్తకం వేశారు. వేసింది 1,268 కాపీలే, అవి అమ్ముడవడానికీ ఏళ్లు పట్టింది. డెర్లెత్ అయితే ఆయన్ని నేరుగా కలిసిందే లేదు!

నాకు అర్థమైంది ఇదే ఫ్రెండ్స్. ఆయనలోని భయం ఆ కథల్ని పుట్టించింది, ఆయన్ని పాడు కూడా చేసింది. కథల్ని నిలబెట్టింది మాత్రం ఆయన మనుషులకి ఇచ్చిన టైమ్. రెండూ ఒకే మనిషివి. ఒకటి చెప్పి ఇంకోటి దాస్తే అది ఆయన కథ అవ్వదు.

చదవాలనిపిస్తే ‘ది కలర్ అవుట్ ఆఫ్ స్పేస్’తో మొదలుపెట్టండి. ఆయన బతికుండగా అచ్చయిన కథలకి మన దేశంలో కాపీరైట్ ముగిసింది కాబట్టి ఫోన్‌లోనే ఫ్రీగా చదువుకోవచ్చు. రాత్రిపూట చదివితే మాత్రం నా పూచీ లేదు!

రచయిత తప్పులు తెలిశాక ఆయన కథలు చదవాలా వద్దా? మీరేమంటారో కామెంట్‌లో రాయండి. మళ్లీ కలుద్దాం.